కుండీ మొక్కలకి పురుగు పట్టిందా? మందు కలిపే ముందు ఆకు తిప్పి చూడండి

చిక్కుడు పాదు పెంచిన ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. డిసెంబర్ చివర్లో పాదు నిండా పూత ఉంటుంది, రెండు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి చిగుర్లన్నీ నల్లగా అయిపోయి ఉంటాయి, వేలితో తాకితే జిగురు, దగ్గరికెళ్ళి చూస్తే ఆవగింజ కంటే చిన్న నల్ల పేను, అదే పేనుబంక, కాడ కనపడకుండా పేరుకుపోయి ఉంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం, ఫోన్ తీసి వెతుకుతాం, ఒకళ్ళు వేపనూనె అంటారు, ఇంకొకళ్ళు పుల్ల మజ్జిగ అంటారు, ఇంకొకళ్ళు ఇంగువ, పసుపు, వంట సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ అంటారు, కంగారులో అన్నీ కలిపి కొట్టేస్తాం. మూడో రోజుకి పేను అలాగే ఉంటుంది, ఆకులు మాత్రం మాడిపోతాయి.

నేను ఎనిమిదేళ్ళుగా మిద్దె మీద కుండీల్లో, గ్రో బ్యాగుల్లో కూరగాయలు, పూలు పెంచుతున్నా. మా పిల్లలు టమాటా కోసి బట్టకి తుడుచుకుని అక్కడే తినేస్తారు కాబట్టి కెమికల్ మందు మా మేడ ఎక్కదు. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైంది ఒకటే, ఏ మందు కొట్టాలి అనేది రెండో ప్రశ్న, ఏ పురుగు వచ్చింది అనేది మొదటి ప్రశ్న. అది తెలిస్తే సగం సార్లు మందే అక్కర్లేదు, నీళ్ళ పైపు సరిపోద్ది.

కాబట్టి ముందు చూడటం నేర్చుకోండి. వారానికి రెండు సార్లు, పొద్దున్నే నీళ్ళు పోసేటప్పుడు, ప్రతి కుండీలో ఒక చిగురు, మధ్యలో ఒక ఆకు, కింద ఒక ముదురాకు తిప్పి వెనక వైపు చూడండి. పురుగులు చాలావరకు ఆకు అడుగునే ఉంటాయి, పైన చూసి బానే ఉంది అనుకుంటే మోసపోతాం. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. ఇంకో పద్ధతి, తెల్ల కాగితం ఆకు కింద పెట్టి ఆకుని నాలుగు సార్లు తట్టండి, కాగితం మీద సన్నటి గీతల్లాంటివి పాకుతుంటే తామర పురుగులు, ఎర్రటి చుక్కలు మెల్లగా కదులుతుంటే ఎర్రనల్లి. మొక్క కదపగానే తెల్లటి పొడిలాంటివి లేచి ఎగిరి మళ్ళీ వాలితే తెల్లదోమ. దూది అంటుకున్నట్టు తెల్లగా కణుపుల్లో ఉంటే పిండినల్లి. ఆకు మీద పాము పాకినట్టు తెల్ల గీతలుంటే లోపల ఆకు తొలిచే పురుగు ఉన్నట్టు, దానికి ఏం కొట్టినా లోపలికి సరిగ్గా చేరదు, ఆ ఆకులు తెంపి కవర్లో కట్టి పారేయడమే. కంపోస్ట్‌లో వేయొద్దు.

చీమల్ని కూడా చూడండి. మొక్క మీదకి చీమల బారు ఎక్కుతోందంటే పైన పేనుబంకో, పిండినల్లో, పొలుసు పురుగో ఉన్నట్టే లెక్క. ఇవి మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు వదుల్తాయి, చీమలు ఆ జిగురు కోసం వస్తాయి, వచ్చి ఊరికే తాగి పోవు, వీటికి కాపలా కాస్తాయి, వీటిని తినడానికొచ్చే మంచి పురుగుల్ని తరిమేస్తాయి, పిండినల్లి పిల్లల్ని ఒక మొక్క మీద నుంచి ఇంకో మొక్క మీదకి మోస్తాయి కూడా. అందుకే చీమల్ని ఆపకుండా ఎన్ని సార్లు స్ప్రే చేసినా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటది. కుండీ గోడకి తగలకుండా జరిపి, కుండీ అంచు కింద చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున గ్రీజు గానీ, ఆముదం గానీ రాయండి, ఆముదమైతే నాలుగు రోజులకోసారి మళ్ళీ రాయాలి. నీళ్ళ పళ్ళెంలో ఇటుక పెట్టి దాని మీద కుండీ పెట్టే పద్ధతి కూడా ఉంది కానీ ఆ నీళ్ళు మూడు రోజులకోసారి పారబోయాల్సిందే, లేకపోతే పురుగు పోయి డెంగీ దోమ వస్తుంది. బజార్లో దొరికే చీమల చాక్‌పీస్ మాత్రం కూరగాయల కుండీలకి గీయొద్దు, అందులో ఉండేది పురుగుమందే.

ఇంక చిక్కుడు పేను విషయానికొద్దాం. మొదటి మందు నీళ్ళే. పైపు చివర వేలు అడ్డం పెట్టి సన్నటి గట్టి ధార ఆకు అడుగు భాగాన, చిగుర్ల మీద కొట్టండి, ఇంకో చేత్తో చిగురు కింద అరచెయ్యి ఆనించండి, లేకపోతే విరుగుద్ది. పేను మూతి కాడలో గుచ్చుకుని ఉంటుంది కదా, ఆ ధారకి మూతి ఊడి కింద పడితే చాలావాటికి మళ్ళీ పైకి ఎక్కే శక్తి ఉండదు. పొద్దున పూట వరసగా మూడు రోజులు చెయ్యండి. మరీ నల్లగా పేరుకున్న చిగుర్లని మొహమాటం లేకుండా తుంచేయండి. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అయితే పొద్దున్నే మంచు తడి మీద కచ్చిక బూడిద చల్లేవాళ్ళు, అది కూడా పనిచేస్తుంది, కాకపోతే పొలంలో వానకి కొట్టుకుపోయే బూడిద కుండీలో అయితే మట్టిలోనే ఉండిపోద్ది, మట్టి క్షారం అవుద్ది, కాబట్టి ఎప్పుడో ఒకసారి, పల్చగా చాలు.

నీళ్ళకి లొంగకపోతే కుంకుడు రసం. నాకు అన్నిటికంటే ఇష్టమైన మందు ఇదే. ఎనిమిది పది కుంకుడు కాయలు కొట్టి గింజ తీసేసి గ్లాసు వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి, పొద్దున తలంటుకి పిసికినట్టే పిసికి పాత చున్నీలో వడగట్టండి, లీటర్ నీళ్ళలో ఒక టీ గ్లాసు కలపండి. ఇది పురుగు ఒంటి మీద పడితేనే పనిచేస్తుంది, ఆరిపోయాక దీనికి బలం లేదు, అందుకని పేను తడిసి ముద్దయ్యేదాకా కొట్టాలి, ఆకు అడుగున కొట్టాలి. గంటా రెండు గంటల తర్వాత మామూలు నీళ్ళతో కడిగేయండి. గిన్నెల లిక్విడ్ ఎందుకు వద్దంటానంటే అది జిడ్డు వదిలించడానికి చేసింది, ఆకు మీద ఉండే మైనం పొరని కూడా వదిలించేస్తుంది, ఆ తర్వాత ఆకు ఎండకి తట్టుకోలేదు.

వేపనూనె గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరూ వాడేది ఇదే, చాలామంది తప్పుగా వాడేదీ ఇదే. పూజ సామాన్ల షాపులో దొరికే దీపాల నూనె కాదు, గానుగ పట్టిన ముదురు రంగు, ఘాటు వాసన నూనె కావాలి. నూనె నీళ్ళలో కలవదు కదా, కాబట్టి ముందు ఒక చిన్న గిన్నెలో 5 మి.లీ. నూనె, అంటే ఒక టీ స్పూన్, అందులో రెండు మూడు స్పూన్లు చిక్కటి కుంకుడు రసం పోసి స్పూన్‌తో గిలక్కొట్టండి, పాలలాగా తెల్లగా మారుద్ది, అలా మారాకే లీటర్ గోరువెచ్చని నీళ్ళలో పోయండి. స్ప్రే బాటిల్లో పోసి ఒక నిమిషం ఆగి చూడండి, పైన నూనె తెట్టు కట్టిందంటే కలవలేదు, ఇంకొంచెం కుంకుడు రసం పోసి మళ్ళీ కలపండి. ఆ తెట్టుతో కొడితే మొదటి ఆకులకి నీళ్ళు, చివరి ఆకులకి ఉత్త నూనె పడి మాడతాయి. కలిపింది ఆ పూటే వాడేయాలి, దాచిపెడితే బలం పోతుంది.

ఎప్పుడు కొట్టాలి అనేది ఇంకా ముఖ్యం. సాయంత్రం ఎండ పూర్తిగా దిగాక. వేపలో పురుగు మీద పనిచేసే అజాడిరక్టిన్ అనేది ఎండ తగిలితే విరిగిపోద్ది, పైగా నూనె రాసిన ఆకు ఎండలో వేగిపోతుంది, పగలు పూల మీద తేనెటీగలు తిరుగుతుంటాయి. నేను మొదటి ఏడాది ఏప్రిల్లో, పొద్దున పదకొండింటికి, ఆఫీసు లేదు కదా అని ఆరు టమాటా కుండీలకి కొట్టాను, సాయంత్రానికి ఆకులు అంచుల నుంచి గోధుమ రంగులోకి తిరిగాయి, నాలుగు రోజుల్లో ఆరింటిలో నాలుగు పోయాయి, అప్పటికే గోలీ కాయలున్నాయి వాటికి, చాలా బాధేసింది. అప్పటి నుంచి ఏ మందైనా ముందు రెండు ఆకులకి కొట్టి ఒక రోజు ఆగి చూస్తా, మీరూ అలాగే చెయ్యండి. నీళ్ళు లేక వాడిపోయిన మొక్కకి అసలు కొట్టొద్దు, ముందు నీళ్ళు పోసి తేరుకోనివ్వండి.

కొట్టిన మర్నాడే పురుగులు చావలేదని కంగారు పడకండి. వేప వెంటనే చంపదు, తిండి సహించకుండా చేస్తుంది, పిల్ల పురుగు కుబుసం విడిచి పెద్దది కాకుండా ఆపుతుంది. గుడ్లని పెద్దగా ఏమీ చెయ్యదు. అందుకే ఒక్కసారితో అయిపోదు, ఐదు నుంచి ఏడు రోజుల గ్యాప్‌తో మూడు సార్లు కొట్టాలి, అప్పుడే మొదటిసారి గుడ్లలో ఉన్నవి బయటికొచ్చి దొరుకుతాయి. పురుగుమందుల షాపులో పీపీఎం అని, అంటే అజాడిరక్టిన్ ఎంత ఉందో చెప్పే లెక్క, రాసి ఉన్న వేప మందు కొంటే అందులో నీళ్ళలో కలిసే పదార్థం ముందే ఉంటుంది, కుంకుడు రసం అక్కర్లేదు, 1500 పీపీఎం అయితే లీటర్‌కి 5 మి.లీ., 10000 పీపీఎం అయితే 1 మి.లీ. చాలు, అదే 5 మి.లీ. అనుకుని పోస్తే చిగుర్లు మాడతాయి, కాబట్టి లేబుల్ చదవండి.

మీ వీధిలో వేపచెట్టుంటే నూనె కూడా కొనక్కర్లేదు. జూన్, జూలైలో రాలిన పండ్లు ఏరి గుజ్జు కడిగి గింజలు నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో దాచుకోండి, ఎండలో వద్దు, బూజు పట్టనివ్వద్దు. కావాల్సినప్పుడు 50 గ్రాముల గింజలు పైపెంకు తీసి, లోపలి పప్పు దంచి బట్టలో మూటకట్టి లీటర్ నీళ్ళలో రాత్రంతా వేసి పొద్దున ఆ మూటని పాలు కారేదాకా పిండుతూ ఉండండి. దీన్నే రైతులు 5 శాతం వేప గింజల కషాయం అంటారు, 100 లీటర్లకి 5 కిలోల లెక్క, మనం అదే లెక్క కుండీకి తగ్గట్టు తగ్గించుకుంటున్నాం అంతే. జనగామ జిల్లా ఏనబావి లాంటి ఊళ్ళల్లో పొలాలకి పొలాలే ఇలాంటి కషాయాలతో పండించి చూపించారు, మన పాతిక కుండీలకి పనిచేయకపోవడం ఉండదు.

మందారానికి పట్టే పిండినల్లి మాత్రం మొండిది. దాని ఒంటి మీద మైనం లాంటి తెల్ల పొడి ఉంటుంది, నీళ్ళు కొడితే జారిపోతాయి. తక్కువ ఉన్నప్పుడే కాటన్ బడ్‌ని మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో ముంచి ఒక్కోదాన్ని తుడవండి, ముట్టుకోగానే తెల్ల పొడి కరిగి లోపలి గులాబీ రంగు ఒళ్ళు కనపడుద్ది, అది అయిపోయినట్టే. ఎక్కువైతే ఆ కొమ్మలు కత్తిరించి, పాత టూత్‌బ్రష్‌ని కుంకుడు రసంలో ముంచి కణుపుల్లో రుద్ది, గట్టిగా కడిగి, సాయంత్రం వేపనూనె కొట్టండి. కుండీ అంచు కింద, అడుగున నీళ్ళు కారే బెజ్జం దగ్గర కూడా చూడండి, అక్కడ గుడ్ల సంచులు దాక్కుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిండినల్లి గుంపులో దాని కంటే పెద్దగా, ఒంటి నిండా పొడుగు తెల్ల పోగులతో, కొంచెం చురుగ్గా తిరిగే పురుగు కనపడితే దాన్ని చంపకండి. అది చూడ్డానికి పిండినల్లిలాగే ఉంటుంది కానీ దాన్ని తినే అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల, ఆస్ట్రేలియా జాతి, 1898లోనే మన దేశానికి తెచ్చారు. అలాగే బొప్పాయి పిండినల్లి అని ఒకటి 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడి బొప్పాయి, మల్బరీ, మందారం అన్నిటినీ పీల్చేస్తుంటే 2010లో ప్యూర్టోరికో నుంచి ఒక సన్నటి కందిరీగని తెప్పించి వదిలారు, కంటికి కూడా సరిగ్గా ఆనని ఆ ఈగే దాన్ని అదుపులో పెట్టింది. పిండినల్లులు గోధుమ రంగుకి తిరిగి, గట్టిపడి, వీపు మీద చిన్న బెజ్జంతో కనపడితే అలాంటి ఈగ మీ కుండీలో కూడా పని మొదలుపెట్టిందని అర్థం, ఇంక మీరు ఏమీ కొట్టకుండా పది రోజులు ఆగండి. పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లలా పొడుగ్గా తిరిగేది కూడా అక్షింతల పురుగు పిల్లే, చాలామంది భయపడి నలిపేస్తారు, దయచేసి నలపకండి. ఇవన్నీ నిలబడాలంటే ధనియాలు, మెంతులు, సోంపు, బంతి లాంటివి రెండు మూడు కుండీల్లో పూతకి వదిలేయండి, ఈ మంచి పురుగులు పెద్దయ్యాక వాటికి ఆ పూల తేనె కావాలి.

మిర్చి ముడత. ఇది అందరి సమస్య, ఇందులో మూడు వేరు వేరు జబ్బులున్నాయి. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు, దాన్ని పై ముడత అంటారు. అంచులు కిందకి తిరిగి, ఆకు కాడ సాగి, తిరగేసిన పడవలా అయితే తెల్లనల్లి, అది కింది ముడత. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, బుడిపెలు బుడిపెలుగా గుత్తిలా అయిపోయి మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, బొబ్బర తెగులు అంటారు, దానికి ఏ మజ్జిగా ఏ ఇంగువా పనిచేయదు, ఎంత ప్రేమగా పెంచినా సరే ఆ మొక్క పీకి కవర్లో కట్టి పారేస్తేనే పక్కవి బతుకుతాయి. మొదటి రెండిటికీ చిగుర్లు తుంచి, వేప మందు మూడు సార్లు కొడితే కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. తామర పురుగుకి నీలం రంగు జిగురు అట్ట, తెల్లదోమకి పసుపు అట్ట కట్టండి, కొనక్కర్లేదు, ఆ రంగు ప్లాస్టిక్ ప్లేటుకి ఆముదం రాసి మొక్క తల ఎత్తులో కట్టి వారానికోసారి తుడిచి మళ్ళీ రాయండి. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి రైతుల్ని నిలువునా ముంచిన నల్ల తామర పురుగు అయితే పువ్వుల్లోనే కూర్చుంటది, కాబట్టి పూత రాలిపోతుంటే ఒక పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపి చూడండి.

ఎండాకాలం ఎర్రనల్లి వస్తుంది, గులాబీ, వంగ, బెండకి ఎక్కువ. ఆకు మీద సూదితో గుచ్చినట్టు సన్నటి పసుపు చుక్కలు, అడుగున సన్నటి బూజులాంటి గూడు. దానికి పొడి వేడి ఇష్టం, తడి అంటే పడదు, రోజూ పొద్దున ఆకు అడుగున నీళ్ళ ధార, పైన గ్రీన్ నెట్, ఈ రెండిటితోనే నా గులాబీలు మే నెల దాటేస్తాయి. గంధకం పొడి కూడా పనిచేస్తుంది కానీ ఎండలు ముదిరాక కొడితే ఆకు మాడుద్ది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అస్సలు కొట్టొద్దు.

వానాకాలం వేరే ఆయుధం ఉంది. వర్టిసీలియం, బవేరియా అని బూజు జాతి పొడులు దొరుకుతాయి, లీటర్‌కి 5 గ్రాములు, సాయంత్రం కొడితే ఆ తడిలో బూజు పురుగు ఒంటి మీద మొలిచి చంపుతుంది. పిండినల్లి, తెల్లదోమ, పేనుబంకకి వర్టిసీలియం బాగుంటుంది. ఎండాకాలం కొంటే డబ్బు దండగ, గాలిలో తేమ ఉంటేనే అది బతుకుద్ది. ప్యాకెట్ మీద తయారైన తేదీ చూసి తీసుకోండి, అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు.

కరివేపాకు, నిమ్మ మీద పిట్ట రెట్టలాంటిది కనపడితే ఒక్కసారి ఆగి చూడండి, అది కదులుద్ది. నిమ్మ సీతాకోక చిలుక గొంగళి అది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుద్ది, పుల్లతో తాకితే తల వెనక నుంచి కొమ్ములాంటిది బయటికి తీసి ఘాటు వాసన వదులుద్ది, పిల్లలకి చూపించండి, భలే సంబరపడతారు. రెండు గొంగళ్ళు చాలు చిన్న కరివేపాకు మొక్కని పుల్ల చేయడానికి. దీనికి స్ప్రే ఎందుకు, చేత్తో తీయండి, నేనైతే మా వీధి చివర మారేడు చెట్టు మీద వదిలేస్తా, అక్కడ దానికి తిండి దొరుకుద్ది.

మట్టిలోంచి చిన్న నల్ల ఈగలు లేస్తుంటే నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని అర్థం, కోకోపీట్ ఎక్కువున్న కుండీల్లో మరీను. పై అంగుళం మట్టి ఎండాకే నీళ్ళు పోయండి, 12 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి, 50 గ్రాములు అనుకోండి, నెలా నెలన్నరకోసారి పై మట్టిలో కలపండి. ఎరువు కూడా అతిగా వద్దు, ఆవపిండి నీళ్ళు, జీవామృతం వారం వారం పోస్తే ఆకులు మెత్తగా ముదురు పచ్చగా వస్తాయి, పేనుబంకకి కావాల్సింది అదే.

పొగాకు కషాయం చాలామంది చెప్తారు, నేను వాడను, మీకూ వద్దంటాను. నికోటిన్ మనిషికి కూడా విషమే, కుండీ టమాటాని మనం కోసి నేరుగా తింటాం, పైగా పొగాకు నుంచి టమాటా, మిర్చికి వైరస్ అంటుకునే అవకాశం ఉంది. రైతులు వాడే అగ్నిఅస్త్రం అనే ఘాటు కషాయంలో కూడా పొగాకు ఉంటుంది, పొలంలో దాని లెక్క వేరు, నాలుగు కుండీలకి ఆ ఘాటు అక్కర్లేదు. పేను పోయాక ఆకుల మీద మిగిలే నల్ల మసికి మాత్రం పల్చటి గంజి కొట్టండి, ఎండాక పొరలాగా లేచి మసిని తీసుకుని రాలిపోతుంది.

నత్తలకి రాత్రి ఎనిమిది తర్వాత టార్చ్ వేసుకుని వెళ్ళాల్సిందే, పగలు దొరకవు. సాయంత్రం తడి గోనె పట్టా కింద బొప్పాయి తొక్కలో, క్యాబేజీ ఆకులో పెట్టి ఉంచితే అన్నీ అక్కడికే చేరతాయి. ఉప్పు చల్లకండి, నత్త చచ్చినా ఆ ఉప్పు కుండీలోనే ఉండి వేర్లని పాడు చేస్తుంది. వట్టి చేత్తో పట్టుకోకండి, గ్లౌజ్ గానీ కవర్ గానీ తొడుక్కోండి, వాటిలో మనుషులకి జబ్బు చేసే పురుగులుంటాయి, ఏరాక సబ్బుతో చేతులు కడుక్కోండి, నత్త పాకిన కొత్తిమీర, పుదీన బాగా కడిగి గానీ వంటింట్లోకి తేకండి.